పేరు ఒకటే, దారి వేరు



మొన్న ల్యాబ్‌లో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు పైథాన్‌లో పాచికల ఆట రాశాడు. ఫైలుకు 'రాండమ్' అని పేరు పెట్టి, లోపల 'ఇంపోర్ట్ రాండమ్' అన్నాడు. రన్ చేస్తే ఎర్రర్! మూడుసార్లు సరిచూసి, "నాకు కంప్యూటర్ రాదేమో మేడమ్" అన్నాడు.

వాడి కోడ్‌లో తప్పు లేదు. పైథాన్ మొదట ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. తర్వాతే తనతో వచ్చిన లైబ్రరీలో, ఆపైన మనం ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీల్లో. ముందు దొరికినదాని దగ్గరే ఆగిపోతుంది. చిత్తూరులో ఆటో ఎక్కి గాంధీ రోడ్డు అంటే తిరుపతి గాంధీ రోడ్డుకు తీసుకెళ్లరు కదా! అలాగే ఇక్కడ దానికి పిల్లాడి ఫైలే దొరికింది. పాచిక వేసే 'రాండింట్' అందులో లేదు.

పేరు మార్చమని నేను వెంటనే చెప్పలేదు. ఆ మాడ్యూల్ ఏ ఫైలు నుంచి వచ్చిందో ప్రింట్ చేసి చూడమన్నాను. తెర మీద తన ఫోల్డరే కనబడగానే నవ్వేశాడు. పేరు వాడే మార్చుకున్నాడు.

ఇంట్లో లెక్క తప్పినా, మార్కులు తగ్గినా, "నీకు రాదు" అనేముందు "ఎక్కడ దారి తప్పిందో చూద్దామా?" అని పక్కన కూర్చోండి. రాదని ఒకసారి నమ్మిన పిల్లలు మళ్లీ వెతకరు.