ఊత్తుకోట దాటి వచ్చే నీళ్ళు

మద్రాసులో తరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళలో చాలామంది ఊత్తుకోట మీదుగా తిరుపతికి వెళ్ళినవారే. రెడ్‌హిల్స్ దాటి, పెరియపాళెంలో భవానీ అమ్మవారికి దండం పెట్టుకుని, ఊత్తుకోటలో కాఫీ తాగి, సురుటుపల్లిలో పడుకుని ఉన్న శివుణ్ణి చూసి, నాగలాపురం మీదుగా కొండకు చేరే దారి అది. శివుడు పవళించి కనిపించే గుడి అరుదు కాబట్టి అక్కడ అందరూ ఆగుతారు. కానీ అదే దారికి దగ్గర్లో, మన కుళాయిల్లోకి వచ్చే కృష్ణ నీళ్ళు తమిళనాట అడుగుపెట్టే చోటు ఒకటుంది. దాన్ని చూసినవారు మా బంధువర్గంలో ఒక్కరూ లేరు. క్రిందటి సంక్రాంతి సెలవుల్లో మేం బయలుదేరింది దానికోసమే. మేమంటే నేను, మా ఆవిడ, పదేళ్ళ మనవడు, ఒక పులిహోర డబ్బా.

ఆ చోటును జీరో పాయింట్ అంటారు. పేరు విని ఏదో పెద్ద కట్టడం ఊహించుకున్న మా వాడికి నిరాశే కలిగింది. రెండు గట్ల మధ్య కాలువ, నీటి మట్టం కొలిచే గుర్తులు, చుట్టూ పొలాలు, అంతే! నీళ్ళు మాత్రం నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. ఒప్పందం ప్రకారం జూలై నుంచి అక్టోబరు వరకు 8 టి.ఎం.సి.లు, జనవరి నుంచి ఏప్రిల్ వరకు 4 టి.ఎం.సి.లు రావాలి. ఏ ఏడు ఎంత వస్తుందన్నది శ్రీశైలంలో నీటిని బట్టి, రెండు ప్రభుత్వాల మాటామంతీని బట్టి ఉంటుంది.

ఈ నీళ్ళ ప్రయాణం ముందు మన తిరుపతి ప్రయాణం ఏపాటిది? శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, పెన్న మీద సోమశిల, ఆపైన కండలేరు. కండలేరు నుంచి ఇక్కడికి 152 కిలోమీటర్ల కాలువ. ఇక్కడి నుంచి పూండి చెరువుకు మరో 25. కృష్ణలో వాటా ఉన్న మూడు రాష్ట్రాలూ, అంటే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర, తలా 5 టి.ఎం.సి.లు మద్రాసు దాహానికి వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. దారిలో పోయేది తీసేస్తే 12 మిగులుతాయని లెక్క. 1983లో ఎన్.టి.ఆర్., ఎం.జి.ఆర్. ల ప్రభుత్వాలు ఒడంబడిక రాసుకున్నాయి. నీళ్ళు మొదటిసారి పూండికి చేరేసరికి 1996 వచ్చింది. మద్రాసు పేరు చెన్నైగా మారింది కూడా ఆ ఏడాదే. మా తరానికి కొత్త పేరు నోటికి రావడం కన్నా కొత్త నీళ్ళు గొంతు దిగడమే సులువైంది.

కాలువ గట్టు వెంట ఆంధ్రా వైపు కొంత దూరం నడిచాం. ఒక రైతు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి.

"మెడ్రాసా సార్?"

"అవును బాబూ. టీ.నగర్."

"ఈ నీళ్ళు మీకే పోతా ఉండాయి" అన్నాడు. కోపంగా కాదు, ఎండగా ఉందన్నంత మామూలుగా. "అదిగో, మా చేను అదే. బోర్లో నీళ్ళు చాలవు. కాలవలో మోటారు దించితే ఆఫీసర్లు ఊరుకోరు. మీరు ఈ నీళ్ళతో ఏం చేస్తారు సార్?"

నేను జవాబు వెతుక్కునేలోగా మా ఆవిడ అందుకుంది. "అన్నం వండుకుంటాం నాయనా."

"అట్లయితే సరేనమ్మా. కార్లు కడుగుతారని విన్నా."

మా ఆవిడ పులిహోర పెట్టింది. తిన్నాడు. చేయి కాలువలో కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నాతో పూండి దాకా వచ్చింది.

మా ఇంటి సంగతి చెబుతాను. మాది ఎనిమిది ఇళ్ళ ఫ్లాట్లు. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెప్పించారు. మా బోరు మేలోనే ఎండింది. మెట్రో వాటర్ లారీ రాత్రి పదకొండుకో, తెల్లవారి నాలుగుకో వచ్చేది. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే మామి డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఒక కుడాన్ని రెండు విడతలుగా, సగం సగం పైకి మోసుకునేది. మేం పోయమంటే ఒప్పుకునేది కాదు. ఆ వేసవి చివర్లో ఆమె ఇల్లు తాళం పెట్టి కొడుకు దగ్గరికి పుణె వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు తన కరివేపాకు కుండీ మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళింది.

ఆ కుండీని బతికించడానికే మా ఇంట్లో మొదటి అలవాటు మొదలైంది. బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పారబోయకుండా ఒక గిన్నెలో పట్టడం. మా అమ్మమ్మ దాన్ని కుడితి అని గేదెలకు పెట్టేది. మాకు గేదె లేదు, కరివేపాకు ఉంది. తరువాత ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కుళాయి తిప్పి ఉంచి పళ్ళు తోముకుంటే ఎంత పోతుందో బకెట్ పెట్టి చూశాం. మూడు నిమిషాల్లో పదహారు లీటర్ల బకెట్ నిండింది! అది ఒక మనిషి స్నానం. అప్పటినుంచి బాత్‌రూములో షవరు మానేశాం, బకెట్, మగ్గు తిరిగి వచ్చాయి. నీళ్ళ ఫిల్టరు మిషను బయటికి వదిలే నీళ్ళ గొట్టం కింద బకెట్ పెట్టాం. ఇల్లు తుడవడానికి, బాత్‌రూములో పోయడానికి ఆ నీళ్ళే సరిపోతాయి. చివరిసారి జాడించిన నీళ్ళలో మర్నాటి మాసిన బట్టలు నానతాయి.

వీటన్నిటిలోనూ పెద్ద తగాదా పెట్టింది మంచినీళ్ళ గ్లాసు. ఇంటికి వచ్చినవారికి గ్లాసు నిండా నీళ్ళివ్వడం మనకు మర్యాద. సగం తాగి సగం వదిలేస్తారు, అది సింకులోకి పోతుంది. సగం గ్లాసు ఇద్దామంటే మా ఆవిడ ససేమిరా అంది. "వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? పిసినారులు అనుకోరూ?" వారం పాటు వాదించుకున్నాం. ఆఖరికి అటక మీదున్న మా అత్తగారి రాగి చెంబు దిగింది. ఇప్పుడు చెంబు, ఖాళీ గ్లాసు పళ్ళెంలో పెట్టి ఇస్తుంది. కావలసినంత వాళ్ళే పోసుకుంటారు. చెంబులో మిగిలింది ఎంగిలి కాదు. పైగా వచ్చినవాళ్ళు చెంబును మెచ్చుకుంటున్నారు. మర్యాద తగ్గలేదు సరికదా, నా లెక్కలో పెరిగింది.

ఇంటి సంగతి సరే, ఫ్లాట్లను ఒప్పించడం వేరే పని. తమిళనాడులో 2003లో ప్రతి కట్టడానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. మా గుంత కూడా అప్పుడు తవ్విందే. తవ్వడం సులువు, ఏటా పైమట్టి తీసి, ఇసుక, కంకర కడిగి వేయకపోతే నీళ్ళు కిందికి దిగవు. మాది ఏళ్ళ తరబడి పూడిపోయి ఉండింది. ఇప్పుడు ఈశాన్య ఋతుపవనం రాకముందే, సెప్టెంబరులో ఒక ఆదివారం గుంత శుభ్రం చేయిస్తున్నాం. ఆ రోజు మేడ మీది గొట్టాల్లో ఆకులు తీసే పని నాది. మోటారు రోజుకు రెండుసార్లు కాక ఒకేసారి వేద్దామన్న మాటకు మాత్రం ముగ్గురు ఇంకా ఒప్పుకోలేదు. "ఇప్పుడు చెరువులు నిండాయి కదండీ!" అంటారు. వాళ్ళను ఊత్తుకోట తీసుకెళ్ళి ఆ రైతు ఎదుట కూర్చోబెట్టాలని ఉంది.

మామి మరుసటి సంవత్సరం పొంగలుకు తిరిగి వచ్చింది. కరివేపాకు మొక్క ఆమె మోకాలు దాటి పెరిగింది. కుండీ పట్టుకెళ్ళమంటే, "మీ ఇంట్లోనే ఉండనీ, నాకు రోజూ రెండు రెబ్బలు చాలు" అంది. అరవంలో అంది, నేను తెలుగులో రాశాను.

ఇక పూండి. మన చిత్తూరు వైపు నుంచి వచ్చే కుశస్థలి నదికి అడ్డంగా 1940లో మొదలుపెట్టి 1944లో పూర్తిచేసిన జలాశయం. మద్రాసు మేయరుగా ఉండి దీనికి పూనుకున్న సత్యమూర్తి గారి పేరే దానికి పెట్టారు. కృష్ణ కాలువ వచ్చి కలిసేది ఇందులోనే. సాయంత్రం ఎండ వాలాక గాలి బాగా వీస్తుంది, పక్షులు వస్తాయి, చిన్నపిల్లలకు విసుగు పుట్టదు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. మద్రాసు నుంచి తిరువళ్ళూరు దాకా లోకల్ రైలుంది, అక్కడినుంచి పూండికి బస్సు దొరుకుతుంది. జీరో పాయింట్ కూడా చూడాలంటే సొంత బండో, అద్దె బండో మేలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ తక్కువ. ఊరికంతకూ నీళ్ళిచ్చే చోటికి పోతున్నాం కదా అని చేతులూపుకుంటూ వెళ్ళకండి, తాగే నీళ్ళు ఇంటినుంచే తీసుకెళ్ళండి.