మాట తక్కువ, మనసు తక్కువ కాదు



నేను పదో తరగతి వరకు మన స్కూల్లోనే చదువుకున్నాను. ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో ఎంఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వస్తే తెలిసినవాళ్లందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఫీజు ఎంత? చలి తట్టుకోగలమా? పార్ట్‌టైమ్ పని దొరుకుతుందా? ఇవి అడగాల్సినవే. కానీ “అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు? వాళ్లతో పరిచయం ఎలా అవుతుంది?” అని అడిగేవాళ్లు చాలా తక్కువ. మీ అమ్మాయో అబ్బాయో పరాయి దేశంలో ఎలా ఉంటారన్నది సగం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చెక్ దేశం మనకు మరీ కొత్తదేం కాదు. స్కూలు తెరిచే ముందు పిల్లలకు మీరు కొనే బాటా బూట్ల కంపెనీ 1894లో ఆ దేశంలోని జ్లీన్ అనే ఊళ్లో పుట్టింది. ‘రోబో’ అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం నుంచి వచ్చింది. సైన్స్ పుస్తకంలో మన పిల్లలు చదివే మెండెల్ బఠాణీ మొక్కలు పెంచింది బ్ర్నోలోని మఠం తోటలోనే. నేను ఆ మఠం ముందు నుంచి ట్రామ్‌లో వెళ్తుంటాను.

ఆ ట్రామ్‌లో మొదట గమనించేది నిశ్శబ్దం. ఎవరూ గట్టిగా మాట్లాడరు. ముక్కూమొహం తెలియనివాళ్లను చూసి నవ్వరు. “ఏ ఊరు బాబూ?” అని అడగరు. కొత్తగా వెళ్లిన మనవాళ్లకు ఇది పొగరులా కనిపిస్తుంది. కానీ అదే మనుషులు చిన్న కొట్లోకి అడుగుపెడితే “దోబ్రీ దెన్” అంటారు, బయటికి వచ్చేటప్పుడు “నస్ఖ్లెదనౌ” అంటారు. లిఫ్ట్‌లోనూ, డాక్టర్ దగ్గర వరుసలో కూర్చున్నప్పుడూ అంతే. ఒకటి నమస్కారం, రెండోది వెళ్లొస్తానని చెప్పడం. వాళ్ల మర్యాద ఆ రెండు మాటల్లో ఉంటుంది. అవి చెప్పని మనిషిని వాళ్లు మర్యాద తెలియనివాడిగా చూస్తారు.

వాళ్ల భాషలోనూ మన మీరు, నువ్వు లాంటివి ఉన్నాయి. ‘వి’ అంటే మీరు, ‘తి’ అంటే నువ్వు. విద్యార్థులు ఒకరినొకరు మొదటి రోజు నుంచే ‘తి’ అనుకుంటారు. పెద్దవాళ్లతో అలా కుదరదు. ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి రమ్మని పెద్దవాళ్లే పిలవాలి, మనంతట మనం దిగకూడదు.

మా బిల్డింగ్‌లో కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. ఆడవాళ్లను ‘పానీ’ అని, పక్కన ఇంటిపేరు చేర్చి పిలవాలి. మన చెవికి నీళ్లు అడిగినట్టుంటుంది గానీ, అది మన ‘గారు’ లాంటి మాట. నేను దిగిన సెప్టెంబర్ నుంచి మా మధ్య మెట్ల మీద రోజూ ఒక “దోబ్రీ దెన్” తప్ప ఇంకో మాట లేదు. జనవరిలో నాకు జ్వరం వచ్చింది. రూమ్‌మేట్ ఊళ్లో లేడు. రెండు రోజులుగా నేను మెట్లు దిగలేదని గమనించి ఆవిడే తలుపు కొట్టారు. వేడి సూప్ తెచ్చిచ్చి, డాక్టర్‌కి ఫోన్ చేసి చెక్‌లో అంతా వివరించారు. నాకు ఇంగ్లీషు వచ్చినా ఆ పూట అది పనికొచ్చేది కాదు. నాలుగు నెలల “దోబ్రీ దెన్” పనికొచ్చింది.

ఆ వసంతంలో ఆవిడ తన పేరు చెప్పి, ఇక నుంచి ‘తి’ అనమన్నారు. ఫోన్లో చెబితే మా అమ్మ “అంత పెద్దావిడని నువ్వు అంటావా!” అని కంగారుపడింది. అది అక్కడ చనువు కాదమ్మా, గౌరవం అని చెప్పాను. 1989కి ముందు బయట ఎవరితో ఏం మాట్లాడుతున్నామో చూసుకుని మాట్లాడేవాళ్లమని, ఇల్లు, అడవి, స్నేహితులు ఇవే తమకు స్వేచ్ఛగా ఉండేవని ఆవిడ చెప్పారు. ఆ మాట విన్నాక ట్రామ్‌లో నిశ్శబ్దం నాకు వేరేగా అర్థమైంది.

ఇక క్లాస్‌మేట్స్‌తో దగ్గరైంది అడవిలో నడుస్తూ. చెక్ వాళ్లకు శని, ఆదివారాలు నడకంటే ప్రాణం. అక్కడి టూరిస్ట్ క్లబ్ 1888 నుంచి ఉంది. చెట్ల మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు గుర్తులు వేసి దేశమంతా దారులు చూపించింది. ట్రామ్‌లో పలకరించని మనిషే అడవి దారిలో ఎదురైతే పలకరిస్తాడు. పక్కపక్కనే నాలుగు గంటలు నడిస్తే, ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేనివి కూడా చెప్పుకుంటాం. పుట్టగొడుగులు ఏరడం కూడా అలాగే నేర్చుకున్నాను. ఇంటికి పిలిస్తే గుమ్మంలోనే చెప్పులు విడవాలి. ఆ విషయంలో మనకు కొత్తగా నేర్చుకునేదేం లేదు.

భాష కూడా అనుకున్నంత పరాయిది కాదు. చెక్‌లో ఏడు విభక్తులున్నాయి. రాముడిని పిలిచేటప్పుడు మనం ‘రామా’ అన్నట్టు, వాళ్లు మార్తిన్‌ని ‘మార్తినె’ అని, ఎవాని ‘ఎవో’ అని పిలుస్తారు. మన తెలుగు టీచర్ విభక్తులు వల్లె వేయించినందుకు అక్కడ దణ్ణం పెట్టుకున్నాను. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చెక్ మాధ్యమంలో చదివితే ఏ దేశం వాళ్లకైనా మామూలుగా ట్యూషన్ ఫీజు ఉండదు. ఇంగ్లీషు కోర్సులకే ఫీజు.

నలుగురు తెలుగు పిల్లలు ఒక ఫ్లాట్‌లో ఉండి, పప్పూ అన్నం వండుకుని, రెండేళ్లూ ఒక్క చెక్ మనిషి పేరు తెలియకుండా గడిపేయడం నేను చూశాను. మనవాళ్ల తోడు మంచిదే. కానీ అదొక్కటే అయితే, కష్టం వచ్చిన రోజు తలుపు కొట్టేవాళ్లు ఉండరు.

దీనికి కావాల్సిన తయారీ కోచింగ్‌లో దొరకదు, ఇంట్లోనే దొరుకుతుంది. వాచ్‌మన్‌ని, బస్ డ్రైవర్‌ని, లిఫ్ట్‌లో పక్కింటివాళ్లను పేరు పెట్టి పలకరించడం పిల్లలకు ఇప్పటి నుంచే అలవాటు చేయండి. ఎదుటివాళ్లు వెంటనే నవ్వకపోయినా చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి. రేపు పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఫోన్ చేసినప్పుడు “తిన్నావా?” అన్నాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: “ఈ వారం అక్కడివాళ్లు ఎవరితో మాట్లాడావు?”