పొరల మధ్య చోటు

పెన్సిలు ముల్లు మెత్తగా ఎందుకు అరుగుతుందో మనమంతా క్లాసు పుస్తకంలో చదివినవాళ్లమే. గ్రాఫైటులో కార్బన్ పరమాణువులు షడ్భుజాలుగా అల్లుకుని పొరలు పొరలుగా ఉంటాయి. పొరలో పరమాణువుల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రాములు, పొరకూ పొరకూ మధ్య 3.35. పొరలోని బంధం గట్టిది, పొరల మధ్య పట్టు బలహీనం. పుస్తకం అక్కడ ఆగింది. పీజీలో మాకు అసలు పాఠం అక్కడే మొదలైంది.

ఆ సందుల్లోకి వేరే పరమాణువులు వచ్చి చేరగలవు. అలా ఏర్పడేవే గ్రాఫైట్ ఇంటర్‌కలేషన్ సమ్మేళనాలు. గాలి తగలకుండా గ్రాఫైటును పొటాషియం ఆవిరిలో వేడిచేస్తే సందు సుమారు 5.4 ఆంగ్‌స్ట్రాములకు పెరుగుతుంది. 8 కార్బన్లకు 1 పొటాషియం చేరి, నల్లని గ్రాఫైటు కంచు రంగుకు మారుతుంది. పొటాషియం తన ఎలక్ట్రాన్‌ను పొరలకు ఇస్తుంది. పొరలోని బంధాలు మాత్రం తెగవు.

పొటాషియం తక్కువైతే అన్ని సందుల్లోకీ కొంచెం కొంచెంగా వెళ్లదు. ఒక సందు నింపి, పక్కది ఖాళీగా వదిలేస్తుంది. దీన్ని రెండో స్టేజ్ అంటారు. అప్పుడు రంగు నీలం. సందు తెరవడానికి శక్తి కావాలి కదా! హాస్టల్లో పిల్లలు తక్కువున్న రోజుల్లో అన్ని గదులూ తెరవకుండా అందరినీ ఒకే గదిలో సర్దినట్టే ఇదీ.

మా ఇళ్లలో డిగ్రీ దాటినవాళ్లం మేమే మొదలు. పీజీ చదివిన రెండేళ్లూ మేం సంపాదించలేదు. ఆ లోటును ఇంట్లోవాళ్లు కూలి చేసి పూడ్చారు. "ఇంత చదివేది పెన్సిలు ముల్లు గురించా?" అని వాళ్లు అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. మేం సెల్‌ఫోను చూపిస్తాం. చార్జింగ్ పెడితే లిథియం గ్రాఫైటు పొరల్లోకి వెళ్తుంది, ఫోను వాడుతుంటే బయటికొస్తుంది. నిండుగా చేరినప్పుడు 6 కార్బన్లకు 1 లిథియం, సందు 3.7 ఆంగ్‌స్ట్రాములు. చేను గట్టు మీద నుంచి అమ్మ మాతో మాట్లాడేది ఈ రాకపోకల వల్లే.

అయితే బ్యాటరీలో ప్రొపిలీన్ కార్బొనేట్ ఒక్కటే ద్రావణిగా వాడితే, అది లిథియం వెంట దూరి గ్రాఫైటు పొరలను ఊడదీస్తుంది. ఇథిలీన్ కార్బొనేట్ అయితే మొదటి చార్జింగులోనే గ్రాఫైటు మీద పలుచని తొడుగు ఏర్పడుతుంది. అది లిథియంను రానిచ్చి, ద్రావణిని ఆపేస్తుంది. ఈ రెండు ద్రావణుల అణువుల్లో తేడా ఒక్క మిథైల్ సమూహమే!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కెమిస్ట్రీ అంటే బట్టీ పట్టడమే అనుకుని దూరం జరగకండి. పుస్తకం ఆగిన చోట "తర్వాత ఏమిటి?" అని సార్‌ని అడగండి. మన ఇళ్లవాళ్లు కష్టపడి పంపుతున్నది ఆ ప్రశ్న అడగడానికే.