ఎడమచేయి

మా అవ్వకు ఎడమచేయి అంటే పడదు. ఎడమచేత్తో నీళ్ళిస్తే తాగదు. అంగడాయన ఎడమచేత్తో చిల్లరిచ్చినా వెనక్కిచ్చేసి మళ్ళీ కుడిచేత్తో ఇప్పించుకుంటుంది. అట్లాంటి ఇంట్లో పుట్టిన మా చిన్నమ్మ, పాత స్నేహితురాలు ఎవరైనా కనబడితే చాలు, చటుక్కున ఎడమచేయి చాపేది. "మంచీ చెడూ తెలీదామే నీకు" అని అవ్వ అరిచేది. "మా క్యాంపులో అంతే అమ్మా" అని చిన్నమ్మ నవ్వేది.

క్యాంపు అంటే గైడ్స్ క్యాంపు. బళ్ళారిలో హైస్కూలు చదివేటప్పుడు, 1988 నుంచి వరుసగా నాలుగు ఎండాకాలాలు, చిన్నమ్మ హరిహరం దగ్గర కొండజ్జికి పోయింది. అక్కడ గుట్ట, చెరువు, చెట్లు, స్కౌట్లకూ గైడ్లకూ శిక్షణ ఇచ్చే కేంద్రం. ఒకసారి ఇంకా దూరం, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీకి కూడా పోయింది. పిపరియాలో రైలు దిగి బస్సులో సాత్పురా కొండల్లోకి ఎక్కాలి. ఆడపిల్లను అడవికి పంపుతావా అని చుట్టాలంతా తాతను తిట్టినారంట. గుడారం వేసుకోవడం, వాన నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ కాలువ తవ్వడం, కట్టెలూ పురికొసా పెట్టి గిన్నెల స్టాండు కట్టడం, రాత్రయితే మంట చుట్టూ కూర్చుని పాటలు. ఇవన్నీ నాకు కథలు కథలుగా చెప్పేది. ఇంట్లో అన్నీ ఉండంగా అడవిలో ఈ కష్టమెందుకని నేను అడిగేదాన్ని.

క్యాంపు అలవాట్లు చిన్నమ్మను వదల్లేదు. నిజం చెప్పాలంటే మాకు విసుగ్గా ఉండేది. గుడారం ఎత్తేసినాక అక్కడ మనుషులు ఉన్నట్టే తెలియకూడదంట. అందుకని పెళ్ళికి పోయినా, రైలు దిగినా, వెనక్కి తిరిగి మేము కూర్చున్న చోటంతా చూసి కాగితమ్ముక్క కూడా ఏరి సంచిలో వేసుకునేది. నాకు సిగ్గయ్యేది. బట్టల తాడు ఎవరు కట్టినా విప్పి మళ్ళీ కట్టేది. రీఫ్ ముడి నాకు నేర్పింది చిన్నమ్మే. మొదట కుడికొస ఎడమ మీద, తర్వాత ఎడమకొస కుడి మీద. రెండుసార్లూ కుడే పైన వేస్తే ముడి జారిపోతుంది. "చూస్తివా అమ్మా, అన్నీ కుడిచేతికే ఇస్తే నిలవదు" అని అవ్వను ఉడికించేది.

పెళ్ళి చేసుకోలేదు. టీచరయింది, గైడ్ కెప్టెనయింది, ప్రతి మే నెలా తన బడి పిల్లలను క్యాంపుకు తీసుకుపోయేది. "నువ్వూ వస్తావామే?" అని నన్ను మూడేండ్లు అడిగింది. బళ్ళారి ఎండలు చాలవా, టెంటులో కూడా ఉడకాలా అని మూడుసార్లూ ఎగ్గొట్టి అత్తావాళ్ళింట్లో కూలర్ ముందర పడుకున్నాను. మొన్న ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు పేర్లివ్వమని ఇదే గోడమీద నోటీసు పెడితే అందరికంటే ముందు నా పేరు ఇచ్చినాను. అది ఊరి బడిలో పండుకునే క్యాంపు, అడవి కాదు. అయినా ఇచ్చినాను. అడిగిన మనిషి మాత్రం ఇప్పుడు లేదు.

పోయిన మాఘమాసంలో చిన్నమ్మ గుండెపోటుతో పోయింది. పదోరోజు నలుగురు ఆడవాళ్ళు వచ్చినారు. ధారవాడ, హరిహరం, హొసపేట, బెంగళూరు, ఒక్కొక్కరు ఒక్కో ఊరినుంచి. కన్నడంలో మాట్లాడుతూ చిన్నమ్మను 'మల్లిగె' అంటున్నారు. క్యాంపులో గైడ్స్ జట్లకు పూల పేర్లు పెడతారు, చిన్నమ్మది మల్లెపూల జట్టు, తనే లీడరు. నలభై దగ్గర పడుతున్న స్నేహం, ఆ పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు! వాళ్ళలో ఒకామె షామియానా తాడు వదులైంది చూసి, ఎవరూ చెప్పకుండానే విప్పి మళ్ళీ కట్టింది. భోజనాలయినాక నలుగురూ వంగి, జనం కూర్చున్న చోటంతా ఏరినారు. అది చూసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. అంతవరకూ ఏడవలేదు నేను.

పోయేముందు హరిహరం ఆమె అవ్వ దగ్గరికి వచ్చి, అలవాటుగా ఎడమచేయి చాపింది. చాపినాక గుర్తొచ్చినట్టుంది, వెనక్కి తీసుకోబోయింది. అవ్వ తన ఎడమచేత్తో ఆ చేయి పట్టుకుంది. చానాసేపు వదల్లేదు. డాలు పట్టేది ఎడమచేత్తోనే కాబట్టి, డాలు కింద పెట్టి నిన్ను నమ్మినానని చెప్పడానికే ఎడమచేయి ఇస్తామని ఆమె మెల్లగా కన్నడంలో చెప్పింది. అవ్వ విన్నదో లేదో.

వాళ్ళు పోయినాక చూస్తే వాకిట్లో వేపచెట్టు కింద గుండ్రంగా పేర్చిన గులకరాళ్ళు, నడుమ ఒకే ఒక రాయి. "ఒక్క చుక్క ముగ్గేందే ఇది" అన్నది అవ్వ. నాకు తెలుసు, చిన్నమ్మ నేర్పిన దారి గుర్తుల్లో అది చివరిది. బాణం అంటే ఇటు రా, ఇంటూ అంటే ఇటు పోవద్దు, వలయంలో చుక్క అంటే నేను ఇంటికి పోయినాను. 1941లో చనిపోయిన బేడెన్ పావెల్ సమాధిమీద, కెన్యాలోని న్యేరిలో, ఇదే గుర్తు ఉంటుంది. అవ్వకు ఆ చివరి గుర్తు అర్థం ఒక్కటే చెప్పినాను.

ఇప్పటికీ అవ్వ రోజూ పొద్దున వాకిలి ఊడుస్తుంది. వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి చీపురు పక్కన పెట్టి, ఆ రాళ్ళ మధ్య రాలిన ఆకులను చేత్తో ఏరుతుంది.