కల్లాల దారిలో సైకిలు

గుంటూరు నుంచి అద్దంకి వెళ్ళేవాళ్ళు చిలకలూరిపేట మీదుగా హైవే ఎక్కుతారు. ఆరు వరసల రోడ్డు, కారులో పాట ఒకటి పెట్టుకుంటే అద్దాల అవతల ఏం పండుతోందో చూడకుండానే దిగిపోవచ్చు. నేను ఏటుకూరు దగ్గర ఆ హోరుకు దూరంగా జరిగి, ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. ఫిబ్రవరి చివర, మిరపకోతలు జోరుగా సాగే రోజులవి.

ఫ్రాన్సులో బోర్డో దగ్గర పాత రైలుమార్గాన్ని సైకిల్ బాటగా మార్చి, 1937లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన రోజర్ లాపెబీ పేరు పెట్టారు. ద్రాక్షతోటల మధ్య నుంచి వెళ్ళే ఆ బాట మీద తొక్కడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మన మిరప చేల మధ్య తారురోడ్లకు అలాంటి పేరూ లేదు, బోర్డూ లేదు. ఇటు చూడ్డానికి ఏముందని గుంటూరులోనే ఒకరు అడిగారు. కొండల్లేవు, జలపాతాల్లేవు, నిజమే. ఈ మైదానంలో చూడాల్సింది నేల, పంట, పని. వాటిని చూడ్డానికి సైకిలు వేగం సరిగ్గా సరిపోతుంది. చేలో వంగి కాయ కోస్తున్న మనిషి తలెత్తి పలకరించే లోపల మనం దాటిపోము.

గుంటూరు దాటేవరకూ మిరప ఘాటుకి ముక్కు మంటే. శివార్లలో శీతల గిడ్డంగుల ముందు బస్తాల లారీలు బారులు తీరి ఉన్నాయి. గుంటూరు యార్డుకి సీజన్లో లక్ష టిక్కీలకు (బస్తాలకు) పైగా సరుకు దిగే రోజులుంటాయి. ప్రత్తిపాడు వైపు కొంత దూరం వచ్చాక గాలి తేటపడింది. రోడ్డుకి రెండు వైపులా చిల్లచెట్లు, వేపలు, కరెంటు తీగ మీద పాలపిట్ట. తర్వాత ఇక నల్లరేగడే, కంటికి ఆనినంత మేర. ఈ నేలలో నెర్రెలు ఎంత లోతుంటాయో హైవే మీద వెళ్ళేవాళ్ళకు తెలియదు. ఒకచోట సైకిలు ఆపి నెర్రెలో చెయ్యి పెట్టి చూశాను, మోచేతి దాకా దిగింది. కాలువ నీళ్ళు రాకముందు కూడా ఇక్కడ పత్తి పండిందంటే ఈ నేల తేమను పట్టి ఉంచుకునే గుణం వల్లనే. వానాకాలంలో మాత్రం ఈ డొంకల్లోకి సైకిలు తేకండి. మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి అడుగు కదలనివ్వదు.

పత్తి చివరి తీతల్లో ఉంది. ఎండిన కట్టె మీద అక్కడొక తెల్లటి పువ్వు, ఇక్కడొకటి. కొన్ని చేలల్లో అప్పుడే కట్టె పీకి కుప్పలేశారు.

ప్రత్తిపాడు దాటాక మొదటి పెద్ద కల్లం కనిపించింది. ఎకరం మేర ఎర్రగా పరిచిన కాయ. అడిగి లోపలికి వెళ్ళాను. కోసిన పండుకాయని ముందు ఒకటి రెండు రోజులు కుప్ప పోస్తారు, రంగు సమంగా తిరగడానికి. తర్వాత పరిచి ఎండబెడతారు, రోజూ తిరగేస్తారు, రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పుతారు. ఎండాక తాలుకాయ ఏరతారు. ఎండెక్కితే కాయ పెళుసై పగులుతుందని, తెల్లవారి మంచుకు మెత్తబడి ఉన్నప్పుడే బస్తాల్లో తొక్కుతారు. నేను వెళ్ళేసరికి ఆ తొక్కుడు పూర్తి కావస్తోంది. మిగిలిన కల్లంలో ఆడవాళ్ళు ముఖానికి చీరకొంగు బిగించుకుని తాలు ఏరుతున్నారు.

వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదు. కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల పనికి, వలస వచ్చిన కుటుంబాలు. చేలగట్టు మీద పట్టాల గుడిసెలు, రాళ్ళ పొయ్యి, తీగ మీద ఆరేసిన పసిపిల్లల బట్టలు. ఒకామె చెప్పింది: "మాది కోసిగి తట్టు సార్. సంక్రాంతి కన్నా ముందే వచ్చినాము. ఆడ వాన ల్యాక పంట రాలేదు. పిల్లోల్లని యాడ ఇడుస్తాము, తోలుకోనొచ్చినాము." బడికి వెళ్ళాల్సిన పిల్ల ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని నా సైకిలు గేర్లను పరీక్షగా చూసింది. గంట కొట్టమన్నాను. కొట్టింది, మళ్ళీ కొట్టింది. కాయ కోసిన చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వయసుకే తెలుసు. గుంటూరు కారం గురించి గొప్పలు చెప్పుకునే మనం ఈ చేతుల సంగతి చెప్పుకోము. ఆ పిల్ల చదువు ఏటా సంక్రాంతికి ఆగి ఉగాది తర్వాత మొదలైతే అది చదువెలా అవుతుంది? వలస వచ్చిన పిల్లలకు వచ్చినచోటే బడి జరపాలన్నది కొత్త ఆలోచనేమీ కాదు. కల్లం కల్లానికీ అది చేరడమే కావాలి.

కల్లం రైతు నాకు చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. "ఎందాకా బాబూ?" అన్నాడు. "అద్దంకి దాకా బాబాయ్" అంటే, "ఎండ ముదరకముందే పర్చూరు చేరు" అన్నాడు. ఆయనది కౌలు సేద్యం. కౌలు ముందే కట్టాడు, మందుల కొట్లో ఖాతా ఉంది, కోత కూలి ఏ రోజుకారోజు ఇవ్వాలి. ఇవన్నీ యార్డులో పలికే ధరతోనే తీరాలి. 2021-22లో నల్ల తామరపురుగు పూతలోకి దూరి చేలకు చేలే ఊడ్చిపెట్టింది. తర్వాత ధర పెరిగింది, అది చూసి అందరూ మిరపే వేశారు, మళ్ళీ ధర కూలింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ అంకె ఆయన చివరి రూపాయితో సహా అప్పజెప్పగలడు. "తేజ అయితే తేజ, 334 అయితే 334, ఏదేసినా ఏడాది ముందు ధర చూసి వేసేదే కదా బాబూ" అన్నాడు. లాం పరిశోధన క్షేత్రం వాళ్ళు ఇచ్చిన ఎల్‌సీఏ 334 రకం మిరప ఇక్కడ అందరి నోటా మూడంకెలే.

పెదనందిపాడు చేరేసరికి బడి పిల్లలు రోడ్డు మీదికి వచ్చారు. సెంటర్లో టీ తాగుతూ నిలబడితే ఇది మామూలు మండల కేంద్రం లాగే ఉంటుంది. కానీ 1921-22లో ఈ ఫిర్కా రైతులు తెల్లదొరల ప్రభుత్వానికి శిస్తు కట్టబోమన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు, శాంతిసేన ఆయన దళం. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. పోలీసులొచ్చారు, సైన్యమొచ్చింది, జప్తులు చేశారు. చౌరీచౌరా తర్వాత గాంధీజీ ఉద్యమం ఆపమన్నప్పుడు ఇక్కడా ఆగింది. వీరయ్య చౌదరిని జనం ఆంధ్ర శివాజీ అన్నారు. ఇంత చదునైన నేల మీద, దాక్కోవడానికి ఒక గుట్టయినా లేనిచోట, ఆ మనుషులు అంత ధైర్యం చేశారని తొక్కుతూ తొక్కుతూ అనుకుంటుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

అక్కడినుంచి పర్చూరు దాకా దారి నాకు అన్నిటికంటే నచ్చింది. బండ్లు తక్కువ. పందిళ్ళ మీద తోరణాలు కట్టి ఆరేసిన నల్లబర్లీ పొగాకు, దాని తీపివాసన. ఈ పల్లెల్లోనే 1987-88లో తెల్లదోమ పత్తిని మింగేసింది. పురుగు చావడం మానేసినా పైరిత్రాయిడ్ మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలైన రైతులు ఆ మందే తాగారు. పత్తి రైతు ఆత్మహత్య అనే మాట రాష్ట్రం అప్పుడే గట్టిగా విన్నది. ఆ తర్వాతే చాలామంది చేలు శనగకూ మిరపకూ మార్చుకున్నారని ఒక పెద్దాయన చెప్పాడు.

పర్చూరు నుంచి ఇంకొల్లు నేరుగా వెళ్ళొచ్చు. నేను చీరాల రోడ్డు పట్టి కారంచేడు వెళ్ళాను. ఇటు తిరిగేవాడు ఆ ఊరిని తప్పించుకుని వెళ్ళకూడదని నా పట్టుదల. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితులను చంపారు. తాగే నీళ్ళ చెరువును మురికి చేయవద్దని ఒక దళిత మహిళ అడ్డుపడినందుకు మొదలైంది ఆ దాడి. బతికినవాళ్ళు చీరాలకు తరలివెళ్ళి మళ్ళీ ఆ ఊరు రాలేదు. దళిత మహాసభ ఆ నెత్తుటి నుంచే పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఈ ఊరి పేరుంది. చెరువు గట్టున సైకిలు దిగి నడిచాను. పంట బాగా పండే ఊరు, మాగాణి పచ్చగా ఉంది. ఆ పచ్చదనం ఎవరి చేతి కష్టమో, ఆ కష్టానికి మంచినీళ్ళ దగ్గర దక్కిన మర్యాద ఏమిటో కలిపి చూడకుండా ఈ మైదానాన్ని అందంగా ఉందని రాయడం నాకు చేతకాదు.

ఇంకొల్లు వైపు శనగ నూర్పిళ్ళు నడుస్తున్నాయి. రోడ్డు మీదే పరిచి ఎండబెట్టారు కొందరు. జేజీ 11, కాక్ 2 అని రకాల పేర్లు చెబుతూ గుప్పెడు చేతిలో పోశారు. మధ్యాహ్నం ఒక వేపచెట్టు కింద ఆగిపోయాను. సాయంత్రానికి సముద్రం వైపు నుంచి పైరగాలి లేచి వీపు తట్టింది. అద్దంకి అక్కడికి పడమరనే కాబట్టి ఆ గాలే నన్ను సగం దూరం మోసింది. హైవేని ఒకచోట అడ్డంగా దాటక తప్పదు. అటూ ఇటూ చూసి సైకిలు నడిపించుకుంటూ దాటండి.

అద్దంకి శాసనం గురించి బళ్ళో చదువుకున్నాం. 848 నాటిది, చాళుక్య సేనాని పండరంగనిది, తరువోజ పద్యం. ప్రోలయ వేమారెడ్డి మొదటి రాజధాని కూడా ఇదే, కవి ఎర్రన ఇక్కడే ఉన్నాడు. ఊళ్ళోకి వెళ్ళేసరికి బజారు దీపాలు వెలిగాయి, నాకు ముందు కావలసింది భోజనం.

వెళ్ళాలనుకునేవాళ్ళు జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం లోపు వెళ్ళండి. చీకటితో బయల్దేరండి, పదింటికల్లా సగం దూరం దాటండి. చిల్లచెట్ల ముళ్ళు రోడ్డు మీదికి వస్తాయి, అదనపు ట్యూబు తప్పనిసరి. నీళ్ళు ఏ ఊళ్ళో అడిగినా ఇస్తారు. కల్లంలోకి అడగకుండా అడుగు పెట్టకండి. రోడ్డు అంచున కాయ పరిచి ఉంటే సైకిలు దిగి పక్కకి జరగండి, ఒక్క కాయ నలిగినా అది వాళ్ళ తూకంలోంచి పోయినట్టే.