గంగ దాటినవా?

కరీంనగర్ నుంచి ఆదిలాబాదుకు విమానంలో ఎంతసేపని అడిగితే, చేతిలోని ఫోను తడుముకోకుండా జవాబు చెబుతుంది: 20 నిమిషాలు! లెక్కకు వంక పెట్టడానికి లేదు. రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీస్తే సుమారు 150 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి అదెంత పని? చిక్కల్లా ఒక్కటే. ఆ విమానం లేదు.

మా వైపు విమానాల ముచ్చట కొత్తదేమీ కాదు. ఆదిలాబాదులో నిజాము కాలంనాటి విమాన మైదానం ఉంది. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం వారి రన్‌వే మీద 1980లలో వాయుదూత్ విమానాలు కొన్నాళ్లు దిగాయి. 2025లో ఆదిలాబాదు మైదానంలో పౌర విమానాలకు వాయుసేన ఒప్పుకున్నది. రేపు అక్కడ విమానం దిగినా, ఏ మహానగరం నుంచో వస్తుంది గాని కరీంనగర్ నుంచి రాదు. పైకి లేచి సర్దుకునేలోగా దిగవలసిన దూరానికి విమానం ఎవరు నడుపుతారు చెప్పండి!

కనుక మాకు మిగిలింది నేల. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిర్మల్ మీదుగా పోతే 200 కిలోమీటర్ల పైమాటే. రైలెక్కుదామంటే నిజామాబాదు మీదుగా మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ దాకా పోయి, అక్కణ్ణుంచి ఆదిలాబాదు రావాలి. విచిత్రమేమంటే, 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ రెండూ ఇరుగుపొరుగు జిల్లాలే. మధ్యన గోదావరి. మా పెద్దలు దాన్ని గోదావరి అనరు, గంగ అంటారు.

మా బాపు ఆదిలాబాదులో ఒంటరిగా ఉంటారు. 78 ఏళ్లు. నేను కరీంనగర్‌లో కళాశాల పిల్లలకు తెలుగు చెబుతాను. నేను బయలుదేరిన ప్రతిసారీ ఆయన ఫోను చేసి, ఎక్కడున్నావని అడగరు. "గంగ దాటినవా?" అంటారు. దాటానంటే చాలు, ఎసరు పెడతారు.

పోయిన వానకాలం ఒక అర్ధరాత్రి పొరుగింటి నుంచి ఫోను వచ్చింది. బాపుకు ఛాతీలో నొప్పి. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని నేనూ, మా ఆవిడా బయలుదేరాం. సోన్ దగ్గర వంతెన ఎక్కేసరికి మూడు దాటింది. కింద గంగ నిండుగా పారుతోంది. ఆ రాత్రి మాత్రం, దాటినవా అని ఎవరూ అడగలేదు.

తెల్లవారబోతుండగా ఆసుపత్రి చేరాం. బాపు నిద్రపోతున్నారు. మంచం పక్కన స్టూలు మీద పొరుగింటి కుర్రవాడు కునికిపాట్లు పడుతున్నాడు. ఆటో నడుపుకునే పిల్లవాడు. నొప్పి మొదలైన పావుగంటకల్లా బాపును అక్కడికి చేర్చాడట. ఫోనులోని విమానం కంటే 5 నిమిషాలు ముందే! "ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నారు డాక్టరుగారు.

మాతో వచ్చెయ్యమని ఎన్నిసార్లు బతిమాలామో! "మీ అమ్మ పెట్టిన చెట్లకు నీళ్లెవరు పోస్తరు బిడ్డా?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి మా ఆవిడే అన్నది: "పిల్ల ఇంటరు కాగానే మనమే గంగ దాటుదాం."

ఈ ఏడు బదిలీకి దరఖాస్తు పెట్టాను. అక్కడ ఖాళీ ఉందో లేదో ఇంకా తెలియదు. బాపుకు చెప్పలేదు. చెబితే ఈ రోజు నుంచే ఫోను చేసి అడగడం మొదలుపెడతారు.