వెతకనిది

అమ్మకి నెలరోజులుగా దగ్గు. డాక్టర్ సీటీ స్కాన్ రాశారు. దగ్గుకి కారణమేదీ కనబడలేదు. హమ్మయ్య అనుకుని రిపోర్టు మూసేయబోతే చివర్లో ఒక వాక్యం: మెయిన్ పల్మొనరీ ఆర్టరీ 31 మిల్లీమీటర్లు, ఉండాల్సినదానికంటే వెడల్పు.

గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్ళే నాళం అది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం మగవాళ్ళకి 29, ఆడవాళ్ళకి 27 హద్దుగా తీసుకుంది. దాటితే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. ఎకో చేస్తే ఒక అంచనా వస్తుంది. ఖాయంగా తేలాలంటే గుండెలోకి సన్నటి గొట్టం పంపి కొలవాల్సిందే.

ఆ రాత్రంతా ఆ నాలుగు మిల్లీమీటర్లే. పగలు కోడ్‌లో తప్పులు, రాత్రి కథల్లో రచయిత చెప్పకుండా వదిలిన మాటలు పట్టుకుంటానని నాకు గొప్ప. రెండేళ్ళుగా అమ్మ మెట్ల మధ్యలో ఆగి, "నువ్వు పద నాన్నా, చెప్పు సర్దుకుని వస్తా" అంటోంది. ఆ చెప్పు రోజూ అక్కడే ఎందుకు జారుతోందని ఒక్కసారీ అడగలేదు.

ఎకో సోమవారం. ఇవాళ మెట్ల మధ్యలో నేనే ముందు ఆగాను.

"ఏంట్రా, ఆయాసమా?" అంది.